ఏడో నంబరు పాయింటు

నా రాతలో తప్పులుంటాయి, ముందే మన్నించమంటున్నాను. అక్షరాలు నాకు డెబ్బై దాటాక పట్టుబడ్డాయి. ఈ నాలుగు కాగితాలకి ఒక చలికాలమంతా పట్టింది.

ఇది షిగెనో కథ.

నుమగవా స్టేషన్లో ఇంకా ఆవిరి ఇంజన్లు నడిచే రోజులు. చలికాలంలో ఏడుగురు ఆడవాళ్లు అక్కడ దీపాల పని చేసేవాళ్లు. రైలును ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే చోట కదిలే పట్టా ముక్క ఉంటుంది, దాన్ని పాయింటంటారు. దాని సందులో మంచు గడ్డకడితే అది కదలదు. అందుకని ఒక్కో పాయింటు కింద చిన్న కిరసనాయిలు దీపం పెట్టి, ఆరిపోకుండా కాచుకోవాలి. ఆరో నంబరు దీపం నాది. ఏడోది షిగెనోది.

షిగెనో మంచంటే ఏమిటో తెలియని దక్షిణపు రేవులో పుట్టి, పెళ్లయ్యాకా అక్కడే ఉండేది. మొగుడొక్కడే ఇక్కడికొచ్చి ఈ స్టేషన్లో మూటలు మోసేవాడు. ముందటేడు జనవరిలో అతను జబ్బు చేసి పోతే, ఆమెని పిలిపించి ఈ పని ఇచ్చారు. మంచులో ఆమెకి అదే తొలి చలికాలం.

మా అందరికీ పెద్ద తొకు అవ్వ. అరవై దాటినా నోటికి ముసలితనం రాలేదు. స్టేషన్ మాస్టారు ఒనొదెరా గారు ఏది సరిచూసినా దానివైపు వేలు చాపి గట్టిగా పలికేవారు. "సిగ్నలు, సరే!" "తలుపులు, సరే!" అని. రైల్వేవాళ్లందరికీ అది నియమమే. ఒట్టి కళ్లు పొరబడతాయి కాబట్టి వేలూ నోరూ కూడా సాక్ష్యం పలకాలని. తొకు అవ్వ టీ గదిలో పొయ్యిమీది పులుసుకి వేలు చూపించి, "ముల్లంగి, సరే! ఉప్పు, మాస్టారి జుట్టులాగే తక్కువ!" అనేది. అందరం నవ్వేవాళ్లం, షిగెనో తప్ప. ఆమెకి అప్పటికింకా నవ్వు తిరిగి రాలేదు.

ఆ ఏడు జనవరిలో మూడు రోజులు ఎడతెగకుండా మంచు కురిసింది. స్టేషన్ ముందున్న సైకిళ్ల కొట్టం కనబడకుండా పోయింది. ఇళ్లల్లోంచి మేడ కిటికీ గుండా బయటికొచ్చాం. మూడో రోజు సాయంత్రం దక్షిణం నుంచి రావలసిన ప్యాసింజరు కనుమలో కూరుకుపోయింది. అందులో రెండువందల మంది. వాళ్లలో షిగెనో కూతురు ఫుసయె ఒకతె. పదహారేళ్లది, బట్టల మిల్లులో పని. తండ్రి సంవత్సరీకానికి ఇంటికొస్తోంది.

పొద్దున్నే మాస్టారు ఫోను పెట్టేసి మా దగ్గరికొచ్చారు.

"పెట్టెల్ని వెచ్చబెట్టేది ఇంజన్ ఆవిరే. బొగ్గు మధ్యాహ్నం దాకా సరిపోతుందట. ఆపైన లేదు. పట్టాలమీది మంచు చిమ్మేసే మన మంచుబండి పదింటికి బయల్దేరాలి. షెడ్డులోంచి పెద్ద లైను ఎక్కాలంటే ఏడో నంబరు మీదుగానే. అమ్మా షిగెనో, మీ పాయింటు ఎలా ఉంది?"

"చూసొస్తానండీ," అని ఆమె పరుగెత్తింది.

దీపం ఆరిపోయి ఉంది. సందు నిండా మంచు. మూడు అగ్గిపుల్లలు గీసింది, మూడూ గాలికి ఆరిపోయాయి. కళ్లముందు ఫుసయె వేళ్లు కనబడ్డాయి, చిన్నప్పుడు నోటితో ఊది వెచ్చబెట్టిన వేళ్లు. టీ గదికి ఉరికి మరుగుతున్న కెటిలు తెచ్చి సందులో కుమ్మరించింది. మంచు చటుక్కున కరిగిపోయింది. అమ్మయ్య అనుకుంది. నాలుగో పుల్ల గీసేలోగానే ఆ నీళ్లు నల్లటి గాజులా బిగుసుకున్నాయి. మంచైతే చీపురుతో పోయేది. ఇదిప్పుడు ఇనుములో ఇనుమై కూర్చుంది.

మేం వెళ్లేసరికి ఇద్దరు మగవాళ్లు లీవరు పట్టుకుని వేలాడుతున్నారు. అది వెంట్రుకవాసి కదలడంలేదు.

"ఇక్కడ నీళ్లు పోసిందెవరు?" అన్నారు మాస్టారు.

షిగెనో చేతిలో కెటిలు ఉండనే ఉంది.

"నేనే పోశానండీ. నా కూతుర్ని నేనే చంపుకున్నాను," అంది.

"నోర్ముయ్యవే! చంపడానికి నువ్వెవరు?" అని తొకు అవ్వ కసిరింది. "సముద్రపు గాలికి పెరిగినదానివి, నీళ్లు రాయైపోతాయని నీకేం తెలుసు? నా మొదటేడు నేనూ పోశాను. అప్పటి మాస్టారు నన్ను తిట్టిన తిట్లకి ఈ గడ్డ కరిగుండేది! లే, ఇనుపకడ్డీ పట్టు."

తరవాత మా వైపు తిరిగి, "మీ దీపాలన్నీ ఇక్కడికి తెండి," అంది.

"మిగతా పాయింట్లు గడ్డకడతాయవ్వా," అన్నాను నేను.

"కట్టనీ. ఇవాళ ఈ స్టేషన్కి ఒక్కటే పాయింటు."

మాస్టారు కాదనలేదు. ఆరు దీపాలు తెచ్చి, షిగెనోదీ వెలిగించి, ఏడూ ఆ సందు పొడుగునా పేర్చాం. గాలి వచ్చేవైపు భుజానికి భుజం ఆనించి, గడ్డి అంగీలు విప్పి పట్టుకుని గోడలా నిలబడ్డాం. షిగెనో మోకాళ్లమీద కూచుని కడ్డీతో గడ్డ పొడిచేది, పెచ్చులు చేత్తో లాగేది, తడిని గుడ్డతో తుడిచేది. తుడిచినచోట అవ్వ నూనె రాసేది. షిగెనో చేతి తొడుగులు చిరిగి, ఇనుముకి చర్మం అంటుకుని లేచివస్తోంది. ఆమె చూసుకోలేదు.

పదిన్నరకి మాస్టారు స్వయంగా లీవరు వేశారు. టక్ మంది. ఆ చిన్న చప్పుడు మా కాళ్లలోంచి పైకి పాకింది. మాస్టారు వంగి, సందులో వేలు పెట్టి చూసి, లేచి, చెయ్యి బారుగా చాపారు.

"ఏడో నంబరు పాయింటు, సరే!"

ఈసారి తొకు అవ్వ వెక్కిరించలేదు.

మంచుబండి వచ్చింది. ఇల్లంత నల్లటి మొహం, అందులో గిర్రున తిరిగే రెక్కల చక్రం, వెనక నుంచి తోస్తూ రెండు ఇంజన్లు. మా ఏడు దీపాలూ తీసిన చోటునే తొక్కుకుంటూ నెమ్మదిగా దాటింది. ఊరిచివర మంచు గోడని తాకిందో లేదో, మంచంతా ఆకాశానికి లేచింది. టెలిఫోను స్తంభాలకి పైన, దేవదారు చెట్లకి పైన తెల్లగా విల్లులా వంగి, అవతలి పొలాల్లో పడుతోంది. మూడు రోజుల తరవాత మొదటి ఎండ దానిమీద పడింది. నేల ఊగుతోంది. షిగెనో తన నెత్తురు చేతుల్ని చూసుకుంది, ఆ తెల్లటి విల్లుని చూసింది. అంత బరువు, అంత బలం తన వేళ్ల కింది నుంచి వెళ్లిందా అని మళ్లీ చేతులు చూసుకుంది. మంచుబండి కూత కొండల్లోకి పోయేదాకా అందరం తలలు వంచి నిలబడ్డాం.

పన్నెండు దాటింది. ఒంటిగంటైంది. షిగెనో ప్లాట్ఫారం చివరనుంచి కదల్లేదు. బొగ్గు అయిపోయి ఉంటుందని అందరికీ తెలుసు.

రెండుకి పది నిమిషాలుందనగా ప్యాసింజరు వచ్చింది. పెట్టెలు కనబడలేదు, మంచుకొండ ఒకటి చక్రాలమీద నడిచొస్తున్నట్టుంది. తలుపులు కడ్డీలతో తెరవాల్సొచ్చింది. దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు దిగారు. నాలుగో పెట్టెలోంచి, ఎవరి బిడ్డనో వీపున కట్టుకుని, ఫుసయె దిగింది.

షిగెనో పరుగెత్తలేదు. తన కళ్లమీద తనకే నమ్మకం లేకపోయింది కాబోలు. గుడ్డలు చుట్టిన కుడిచెయ్యి ఎత్తి, వేలు బారుగా చాపింది.

"ఫుసయె..." అంది మెల్లిగా. మళ్లీ గట్టిగా అంది. "ఫుసయె, సరే!"

ప్లాట్ఫారం అవతలి కొసనుంచి మాస్టారు నిటారుగా నిలబడి వేలు చాపారు. "ఫుసయె, సరే!"

"అయ్యో, ఏంటమ్మా ఇది, అందరూ చూస్తున్నారు," అంది ఫుసయె ఎర్రబడిపోయి.

షిగెనో నవ్వింది.

హొషినా తమెయో, ఎనభై నాలుగేళ్లు. ఇప్పుడు ఉండేది నీగత నగరంలో, చిన్నకూతురింట్లో.