నీడపట్టున పది రోజులు

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ మూడో అంతస్తు వాటా గుమ్మం ముందు చెప్పులు పోగుపడేవి. కోడలు ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని, మెట్లెక్కి వచ్చి, ఆ చెప్పుల్ని కాలితో పక్కకి జరిపి దారి చేసుకుని లోపలికి వెళ్ళేది. లోపల పడమటి బాల్కనీ తలుపు దగ్గర అత్తగారు ఎండకి ఎదురుగా కుర్చీలో కదలకుండా కూర్చునుండేది. ఆవిడ నీడ హాల్లో నేల మీద పొడుగ్గా పడేది. ఆ నీడలో కింద వాటా దర్జీ భార్య, నిండు నెలల మనిషి, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంటూ ఉండేది.

ఆవిడ నీడ చల్లగా ఉంటుంది. కొందరికి హస్తవాసి ఉంటుంది, కొందరి నోటిమాట ఫలిస్తుంది, ఈవిడకి నీడ చలవ, అంతే. డబ్బాలో ఉప్పు నీరయ్యే ఊళ్ళో, ఆరేసిన బట్ట మూడో రోజుకీ ఆరని ఊళ్ళో, ఒళ్ళు తుడుచుకున్న తువ్వాలే మళ్ళీ ఒళ్ళు తడిపే ఊళ్ళో అలాంటి నీడ ఒకటుంటే జనం ఊరుకుంటారా? మనిషికి పావుగంట చొప్పున వంతులు పెట్టారు. వంతులు చూసే పని కోడలిది. ఆమె కనిపెట్టి ఉండకపోతే పై వాటా ట్యూషన్ మాస్టారు దిద్దాల్సిన పేపర్ల కట్టతో వచ్చి గంటసేపు తిష్ఠ వేసేవాడు. కోడలి వంతు అందరికంటే చివర. అది వచ్చేసరికి పొద్దు ఎదురు మేడ నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయేది, నీడ ఉండేది కాదు.

లాండ్రీలో ఆమెది ఆవిరి ఇస్త్రీ. రోజుకి ఎనిమిది గంటలు నిలబడి దుప్పటి తర్వాత దుప్పటి. ఈ ఎండాకాలంలో అప్పటికే రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. రెండోసారి సూపర్‌వైజరమ్మ మొహాన నీళ్ళు కొట్టి, పక్కకి తీసుకెళ్ళి చెప్పింది. పది రోజులు ఎటైనా చల్లటి చోటికి పోయి పడుకుని రా, మూడోసారి పడ్డావంటే నిన్ను పనిలో ఉంచడం నా చేతుల్లో ఉండదు అని. సెలవు కాగితం కూడా తనే రాసిచ్చింది. ఆ ఇంట్లో వేసవి ప్రయాణం మాట అలా పుట్టింది.

పుట్టాక అది కోడలి చెయ్యి దాటిపోయింది. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు, రోజంతా చీకటి గొట్టాల్లో వేలాడే మనిషి, సముద్రం చూడాలన్నాడు. ఇక్కడున్న తడి చాలదా అని అనబోయి ఆమె ఊరుకుంది. పెద్ద కూతురు ఫోన్‌కి సిగ్నల్ ఉంటే ఎక్కడైనా సరేనంది. చిన్నది మంచు కావాలంది. అత్తగారు నడవడానికి ఇంత చోటుంటే చాలంది. చివరికి కొండలు ఖాయమయ్యాయి. ఖాయం చేసిన పాపానికి సముద్రం ఎందుకు కాదో, మంచు ఎందుకు లేదో కోడలే అందరికీ సంజాయిషీ చెప్పుకుంది.

ఇక టీ విరామంలో దుప్పట్ల మూటల మీద కూర్చుని బసల వాళ్ళకి ఫోన్లు, ఇంటికొచ్చి వంతులు చూస్తూనే అటక మీంచి స్వెట్టర్లు దించడం, అత్తగారి మాత్రలు పొట్లాలు కట్టడం. టికెట్లు తీసేముందు పొరపాటు జరక్కూడదని మూడు పూటలు భోజనాల దగ్గర జాబితా చదివి వినిపించింది. నానమ్మ, నాన్న, పెద్దది, చిన్నది. మూడు పూటలా అందరూ ఊఁ కొట్టారు.

విషయం మేడంతా పొక్కింది. మాస్టారు నలుగుర్ని వెంటేసుకుని వచ్చి, పిన్నిగారిని పది రోజులు తీసుకుపోతే మా గతేం కావాలని నిలదీశాడు.

"నాకు సెలవుల్లేవా నాయనా?" అంది అత్తగారు. "నీడ మీకు పడాలంటే ఎండ నా మీద పడాలిగా. ముప్ఫై ఏళ్ళయింది ఈ కుర్చీలో."

మాస్టారు ఆ రోజుకి తన వంతు వదులుకుని పైకి పోయాడు.

రెండు రోజుల్లో ప్రయాణమనగా చిన్నది టికెట్ల కాగితం ముందేసుకుని కిటికీ సీట్లు పంచుతోంది. నానమ్మకొకటి, తనకొకటి, అక్క ఏడిస్తే నాన్న పక్కన. ఉన్నట్టుండి తలెత్తి, "మరి అమ్మ సీటేది?" అంది.

భర్త కాగితం తీసుకుని చదివాడు. తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. ఎక్కడైనా మనిషి తనని తాను మర్చిపోతుందా, బయట చెప్తే నవ్విపోతారు అన్నాడు. పెద్దది ఫోన్‌లో వెతికి, రైలు నిండిపోయింది, పేర్లు మార్చడం కుదరదంది. అయితే అన్నీ రద్దు చేసేద్దాం అన్నాడతను, కూతుళ్ళ మొహాలు చూడకుండా. కోడలు వద్దంది. మీరు వెళ్ళిరండి, నేనిక్కడే పడుకుంటానంది. ఆమెకి ఏడుపు రాలేదు. ఏడవాలన్నా కాస్త ఓపిక ఉండాలి కదా. తన మీద తనకే సిగ్గేసింది, అంతకంటే పెద్దగా ఏమీ అనిపించలేదు.

చివర్లో అత్తగారు నోరు విప్పింది.

"అది మర్చిపోయింది, సరే. మూడు పూటలు చదివి వినిపించిందిగా. విన్న నలుగురిలో ఒక్కరికైనా తట్టిందా? నాకూ తట్టలేదు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. దాని గాలి ఎవరికీ తగల్లేదు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం రెండింటికే సంచులు గుమ్మంలో పెట్టారు. కిందనుంచి ఆటో హారన్ వినపడ్డాక అత్తగారు కుర్చీలోంచి లేచింది. ఆవిడ లేచింది గానీ నీడ లేవలేదు. కూర్చున్న మనిషి నీడ, జుట్టు ముడితో సహా, నేల మీద అలాగే ఉండిపోయింది.

"అమ్మా, నీడ" అన్నాడు కొడుకు, కళ్ళజోడు మర్చిపోయావన్నంత మామూలుగా.

"ఉండనీరా. కొండల మీద ఎలాగూ చలేగా, అక్కడికి మోసుకుపోయి ఏం చేసుకోను?" అని ఆవిడ చెప్పులేసుకుంది. మెట్ల దగ్గర కోడలి చెయ్యి పట్టుకుని మాత్రం ఒక మాట చెప్పింది. "వంతులు పెట్టకు."

వాళ్ళు వెళ్ళాక కోడలు తలుపు వేసింది. గిన్నెలు తోముదామనుకుంది. తోమకుండా వచ్చి నీడ ఒడి ఉన్నచోట తల పెట్టుకుని పడుకుంది. మెడ కింద, వీపు కింద, కాలి మడమల కింద చల్లదనం పాకింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి మర్నాడు పాలవాడు బెల్లు కొడుతున్నాడు.

సాయంత్రం మాస్టారు తలుపు తట్టి, పిన్నిగారున్నారా అని ఆశగా అడిగాడు. లేరండీ, ఊరెళ్ళారని చెప్పి తలుపేసింది. అందులో అబద్ధమేం లేదు. దర్జీ భార్య అప్పటికే ఆస్పత్రిలో చేరింది కాబట్టి ఆ బెంగా లేదు.

పొద్దు ఎటు తిరిగినా నీడ మాత్రం కదల్లేదు. ఆమె తినడం, మళ్ళీ వచ్చి పడుకోవడం. నాలుగో రోజు భర్త ఫోన్ చేశాడు. అమ్మ ఒక్కచోట నిలవడం లేదని, పొద్దున్న టీ తాగి కొండెక్కితే భోజనాలకి గానీ దిగడం లేదని, వెనకాల పరిగెత్తలేక పిల్లలు చతికిలబడుతున్నారని గోడు వెళ్ళబోసుకున్నాడు. అత్తగారు ఫోన్ లాక్కుంది.

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది అత్తయ్యా."

"అయితే పెట్టెయ్, పడుకో."

తొమ్మిదో రోజుకి కోడలికి కాళ్ళ వాపు తగ్గింది. లేచి కూర్చుని సూపర్‌వైజరమ్మకి ఫోన్ చేసి, ఇక ఆవిరి దగ్గరికి రాలేనని, కూర్చుని మడతలు పెట్టే బల్ల దగ్గర వెయ్యమని అడిగింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. అటునుంచి, ఈ ముక్క అడగడానికి ఇన్నాళ్ళా అన్న విసుగు వినిపించింది, ఆ తర్వాత సరేనన్న మాట.

పదకొండో రోజు మధ్యాహ్నం అందరూ ఎండకి వాడిపోయి ఇంటికి చేరారు. తలుపు తీసి వచ్చి కోడలు మళ్ళీ నీడలోనే కూర్చుంది. అత్తగారు అలవాటుగా వెళ్ళి తన కుర్చీలో కూలబడింది. పడమటి ఎండ ఆవిడ అడ్డే లేనట్టు ఆవిడలోంచి నేరుగా నేల మీద పడింది. నీడ ఆవిడ దగ్గరికి పోలేదు. కాసేపు ఆవిడ దాన్ని చూసింది, అది రాదని తెలిశాక లేచి, గోడ పట్టుకుని, మోకాళ్ళు పటపటమంటుంటే మెల్లిగా కిందికి దిగి కోడలి పక్కన ఒరిగింది. చోటిద్దామని కోడలు లేవబోతే చెయ్యి పట్టి ఆపింది.

ఆవిడ అరచెయ్యి నేలకి ఆనించింది. తర్వాత, "ఇంత చల్లగా ఉంటుందా?" అంది. "ముప్ఫై ఏళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదేం?"

"మీకు తెలుసనుకున్నాం అత్తయ్యా" అంది కోడలు. ఇంతకుముందు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

భర్త సంచులు దింపి, హాలు మధ్యలో నిలబడి, టీ ఎవరు పెడతారని అడిగాడు. నీడలోంచి ఎవరూ పలకలేదు. కాసేపు చూసి వంటగదిలోకి పోయాడు. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడైంది. పంచదార ఎక్కడుందని అక్కణ్ణుంచే అడిగాడు, రెండుసార్లు.

కోడలికి తెలుసు. కానీ అత్తగారికి అప్పుడే కన్నంటుకుంది, కేకేస్తే లేచిపోతుందని ఊరుకుంది.