నిలిచిన బండి త్వరణము

మాఘమాసాంతమున సహకారమంజరీపరిమళభరితమైన దక్షిణానిలము శంఖపురవీథులయందలి యెండుటాకుల నొకచోట కుదురుగ నుండనీయక తఱుముచుండ నప్పుడే ప్రాగ్గిరిశిఖరమును విడిచిన బాలభానుని కిరణములు గుట్టవాలున నున్న బాలికోన్నతపాఠశాల పెంకుటికప్పుపై వరుసవరుసగా దిగివచ్చుచుండెను. ఆ వేళ నా పాఠశాలయం దొక తరగతి బాలిక లందఱును "ప్రమాణకాలములో వేగమునందు కలుగు మార్పును త్వరణ మందురు" అని యేకకంఠముగ ఘోషించుచుండిరి. ఆ వాక్యము గుట్టదిగువ కూర లమ్ముకొను స్త్రీలకు సైతము కంఠస్థమై యుండె ననిన నతిశయోక్తి గాదు. కాని దాని కర్థమేమని యడిగినచో నా కంఠము లన్నియు నొక్కుమ్మడి మూగవోయెడివి.

ఇది క్రొత్త సంగతి గాదు. గడచిన యేట పాఠశాలల పరీక్షాధికారియగు మృత్యుంజయరావుగారు విచ్చేసి ప్రొద్దుటినుండి మాపటిదాక తిరిగి తిరిగి బయలుదేఱిన చోటనే నిలిచిన గానుగెద్దునకు స్థానభ్రంశ మెంత యని ప్రశ్నింపగా బాలికలు స్థానభ్రంశనిర్వచనము నాద్యంతము తడబాటు లేక యప్పగించిరి. ఆయన మఱల నడిగెను. వారు మఱల నప్పగించిరి. అంతట నా మహాశయుడు మందహాసము చేసి యీ పాఠశాలలో భౌతికశాస్త్రము నెత్తివేసి దానికి బదులు కుట్టుపని నేర్పుట మేలని పలికి ప్రధానోపాధ్యాయిని ప్రార్థన నాలకించి యొక యేడు మాత్రము గడు వొసగి వెడలెను. ఆ గడువు ఫాల్గుణముతో ముగియనుండెను.

ఆ యేడే యచ్చటికి వచ్చిన భౌతికశాస్త్రోపాధ్యాయిని విరజాంబ శివార్చకుల యింటి యాడపడుచు. మితభాషిణియే గాని పట్టినపట్టు విడుచునది గాదు. ఈ పిల్లలచేతినుండి శాస్త్రమును లాగికొందురన్న మాట యామెకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. నోట నున్న దానిని కంటికి చూపినగాని బుద్ధికెక్కదని నిశ్చయించి యామె పుట్టినింటినుండి యొక ధారాపాత్రను దెప్పించెను. అభిషేకవేళ లింగముపై వ్రేలాడుచు నడుగున నున్న సన్నని రంధ్రమునుండి చుక్కచుక్కగా జల మొలికించు నిత్తడిపాత్ర యది. నాలుగు చక్రముల చిన్న కొయ్యబండికి దానిని వ్రేలాడగట్టి చక్రముల కాముదము పూయించి బడివెనుక వాలుదారిపై నున్న మెత్తని దుమ్ములో విడిపించెను. నీరు తఱిగినకొలది చుక్కలు మందగించును గావున ప్రతిపర్యాయమును పాత్రను అంచుదాక నింపుట యామె పెట్టిన నియమము.

బండి జాఱిపోయిన పిమ్మట దుమ్ములో నల్లని చుక్కల వరుస యొకటి నిలిచెను. వల్లెవేయుటయందు తరగతికెల్ల నాయకురాలైన మిఠాయిదుకాణమువారి పేరిందేవి దాని ప్రక్క గొంతుకూరుచుండి చాలసేపు చూచెను.

"ఇదేటండీ టీచరుగారూ, కిందికెళ్ళేకొద్దీ చుక్కలు ఎడంగా పడిపోతన్నాయి?"

"చుక్కకీ చుక్కకీ మధ్య పట్టే కాలం ఒక్కటే కదే. మరి ఎడమెందుకు పెరిగిందంటావు?"

"బండి జోరందుకుంతందండి."

"ఎంత జోరుగా పోతోందో అది వేగం. ఆ జోరు పెరుగుతోందే, అది త్వరణం. పొద్దున్నించీ నువ్వు అరుస్తున్నది ఈ మాటేనమ్మా."

ఎన్నడు నెఱుగని యానందమున నా పిల్ల ముఖము వికసించుట చూచి విరజాంబకు కన్నులు చెమర్చినవి. నాటినుండి యా బాలికలు బండిని సమతలముపై నడపి సమానమైన యెడముల చుక్కలను జూచిరి. వాలున కెదురుగ త్రోసి దగ్గఱపడు చుక్కలను జూచిరి. ఈనెపుల్లతో నెడములు కొలిచి తమలో తాము పోట్లాడుకొనిరి. బడియెల్ల దుమ్ముగొట్టుకొనిపోయినదని సాటి యుపాధ్యాయినులు విసుగుకొనినను విరజాంబ వినిపించుకొన లేదు.

పరీక్షాదినము రానే వచ్చెను. పాఠశాలగోడల కన్నిటికి వెల్లవేయబడెను. అరుణోదయమున బండి నొకసారి సరిచూచుకొందమని వడివడిగా వాలుదారికి వచ్చిన విరజాంబ యచ్చట కనబడిన దృశ్యమునకు కొయ్యబాఱి నిలిచెను. దారి పొడవునను దుమ్మన్నది మచ్చునకైన లేదు. చిక్కగా గోమయజలముతో కళ్లాపి చల్లబడి యిరుప్రక్కల ముగ్గుల నలంకరింపబడి యా మార్గము పెండ్లివారి వాకిలివలె తళతళలాడుచుండెను. తడిసిన నేలపై నీటిచుక్క కనబడుట యెట్లు? చీపురును చేతబట్టుకొని మెప్పునకై యెదురుచూచుచున్న పేరిందేవి యుపాధ్యాయిని మొగము చూడగానే తప్పు జరిగినదని గ్రహించి వలవల యేడ్చెను.

"పెద్దలొస్తన్నారని తెల్లారగట్టే లేచి మేమే చల్లామండి. అంతటోరిని దుమ్ములో నడిపించడం మరియాద కాదనుకున్నాం. చుక్కల సంగతే మర్చిపోనామండి!"

విరజాంబ కొక్కక్షణము కోపము ముంచుకొనివచ్చెను. ఇన్నాళ్ల శ్రమ యీ పిచ్చిపిల్లల మర్యాదలో కొట్టుకొనిపోయె గదాయని గుండె బరువెక్కెను. అంతలో గుట్టదిగువనుండి జట్కాబండి గజ్జెలచప్పుడు వినవచ్చెను. ఆమె పెదవి బిగించి చుట్టును పరికింపగా వెల్లవేసినవారు గోడమూల విడిచిపోయిన సున్నపుకుండ కనబడెను.

"ఏడుపు ఆపవే. నీళ్ళు కనపడకపోతే సున్నం కనపడుతుంది. తే ఆ కుండ!"

చెప్పుచునే యామె పాతగుడ్డ నొకదానిని చింపి పలుచగా కలిపిన సున్నమును వడియగట్టసాగెను. మొదటిసారి రంధ్రము పూడుకొనెను. చీపురుపుల్లతో పొడిచి మఱల వడియగట్టిరి. రెండవసారియు పూడుకొనెను. గుడ్డను రెండుమడతలు వేసి మఱల వడియగట్టిరి. ఈసారి తెల్లని చుక్క యొకటి యాకుపచ్చని నేలపై టప్పున బడి ముత్యమువలె నిలిచెను. బాలికలు కేరింతలు కొట్టిరి.

మృత్యుంజయరావుగారు వాలుదారి పొడవునను ముగ్గులు చూచి సంతోషించినట్లు కనబడలేదు. ఆయన యలంకారములకు లొంగు మనుష్యుడు గాడు. విరజాంబ బండి సంగతి విన్నవింపగా నాయన చేసిన యాజ్ఞ చొప్పున పేరిందేవి బండిని దిగువనుండి యెగువకు త్రోసెను. అది కొంతదూర మెగబ్రాకి యొక్క క్షణము నిలిచి వచ్చినత్రోవకు జానెడు ప్రక్కగా మఱల దిగివచ్చెను. నేలపై రెండు తెల్లని వరుస లేర్పడెను.

"బండి పైన ఒక్క క్షణం ఆగింది గదా. ఆ క్షణాన దాని వేగమెంత?" అని యాయన ప్రశ్నించెను.

"సున్న!" అని బాలిక లందఱు నొక్కగొంతుతో పలికిరి.

"మంచిది. త్వరణమో?"

"సున్న!"

అదే యేకకంఠము, అదే వేగిరపాటు. విరజాంబ మొగము పాలిపోయెను. సరియైన మాట యామె నాలుకకొనయందే యున్నను చెప్పిన నది తన విద్య యగును గాని వారి విద్య గాదు. ఆమె పిడికిళ్లు బిగించుకొని నోరు మూసికొనియుండెను. అంతకన్న కఠినమైన పని యామె జన్మమున చేసి యెఱుగదు. పరీక్షాధికారి జేబులోని కలము పైకి తీసెను.

"కాదండి! తప్పు చెప్పామండి!" అని పేరిందేవి ముందునకు వచ్చెను. "ఆగిన క్షణాన వేగం సున్నాయేనండి. త్వరణం కూడా సున్నా అయిపోతే బండి అక్కడే ఉండిపోవాలి కదండీ. ఎనక్కెందుకొచ్చింది?"

"ఆగినప్పుడు లేని త్వరణం ఆ తరవాత పుట్టి ఉండవచ్చు గదా" అని యాయన కలమును చేతనే యుంచుకొని పలికెను.

ఆ బాలిక నేలపై కూరుచుండి యీనెపుల్లతో కొలువ నారంభించెను. ఎక్కిన వరుసలో నొక్కొక్క యెడమును కొలిచి పుల్లపై గోటితో నొక్కుచు దిగిన వరుసకు వచ్చెను.

"చూడండి. ఎక్కేటప్పుడు ఒక్కో చుక్కకీ ఎడం ఎంత తగ్గిందో, దిగేటప్పుడు ఇంచుమించు అంతే పెరిగిందండి. ఎక్కుతున్నంతసేపూ కిందికి లాగింది. దిగుతున్నంతసేపూ కిందికే లాగింది. మరి ఆ నడిమి ఒక్క క్షణం మాత్రం లాగడం మానేస్తాదేటండీ? బండి ఆగింది గానీ వాలు ఆగలేదండి."

మృత్యుంజయరావుగారు కలమును జేబులో పెట్టికొనెను. పిదప నుత్తరీయమును నడుమునకు చుట్టికొని యా పెద్దమనిషి తానే వంగి బండిని త్రోసెను. అది యెగబ్రాకెను. నిలిచెను. ఆ నిలిచిన క్షణమున నాయన కన్నులు చిన్నపిల్లవాని కన్నులవలె మెఱసెను. బండి మఱల దిగివచ్చి యాయన పాదమునకు తాకగా ధోవతి యంచున సున్నపుచుక్క లంటుకొనెను. దులుపుకొనవలెనన్న తలంపైన నాయనకు కలుగలేదు.

"ఈ తరగతిని ఎత్తివేయాలన్నవాణ్ణి నేనేనమ్మా" అని విరజాంబవంక తిరిగి యాయన పలికెను. "ఉండాలని చెప్పేదీ నేనే. వచ్చే యేడు పై తరగతిలోనూ ఈ పాఠం పెట్టిస్తాను. మీరు కాదనకూడదు."

విరజాంబ చేతులు జోడించెను. అప్పటివఱకు బిగించియున్న యామె పిడికిళ్లలో గోళ్ల గుర్తు లెఱ్ఱగా పడియుండెను.

వేగము శూన్యమైన మాత్రమున త్వరణము శూన్యము కానేరదు. లోకమున నిలిచియున్న దానిని జూచి యింక మాఱదని తీర్పుచెప్పు పెద్దలు పెక్కండ్రు గలరు. అట్టివారి కన్నుల కందనంత నెమ్మదిగా మార్పు తన పని తాను చేసికొనిపోవుచునే యుండును.