మోగని స్టెప్నీ

మొదట్లో పెంచలకృష్ణ చేతిలో ఉన్నదేమిటంటే: బోగోలు దగ్గర హైవే పక్కన ఒక అద్దె రేకుల షెడ్డు, పాత వెల్డింగ్ మిషను, చేత్తో తిప్పే పైపు బెండరు, ఒక మోపు మందపాటి ఇనప పైపులు. ఆ పైపులు రొయ్యల గుంటల ఆసామి ఒకాయన పెద్ద గేట్లు కావాలంటే తెప్పించినవి. ఆసామి మనసు మార్చుకున్నాడు, పైపులు మిగిలిపోయాయి. వీటన్నిటికన్నా విలువైనది ఇంకొకటి ఉంది. అది కృష్ణ చేసిన గేటు బిగుసుకుపోదన్న పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఇనుము ఊరుకోదు. కొత్త గేటు నాలుగు వానలు తింటే చాలు, మడతబందులో తుప్పు ఉబ్బి కదలనంటుంది. అందుకని కృష్ణ సీలకూ దాని గూటికీ మధ్య గోరు మందాన సందు వదిలేవాడు. తుప్పు పట్టినా తిరగడానికి చోటు ఉండేది. గాలి వీచినప్పుడు గేటు కాస్త టకటకమనేది, అంతే. ఆ చప్పుడును ఎవరూ తప్పుపట్టలేదు.

కానీ కాలం మారింది. మిషను మీద పూలూ నెమళ్ళూ కోసిన రెడీమేడ్ గేట్లు లారీల్లో దిగడం మొదలైంది. షెడ్డు ముందు ఆగే మనుషులు తగ్గారు. కృష్ణ భార్య ఉషారాణి అన్న పోర్టులో కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. వెల్డరు కావాలంటున్నారు, రమ్మని అతను రెండుసార్లు కబురు పెట్టాడు. ఒకరి కింద హెల్మెట్ పెట్టుకుని నిలబడితే తన పేరుకు ఇక పనేముందని కృష్ణ బాధ. ఈ వానాకాలం చివరిదాకా చూస్తాననీ, అప్పటికీ షెడ్డు నిలబడకపోతే తాళంచెవి ఇచ్చేసి పోర్టుకు వెళ్తాననీ భార్యకు మాటిచ్చాడు.

అలాంటప్పుడు నరేంద్రబాబు జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆయనకు ఒడ్డు వైపు రొయ్యల గుంటలున్నాయి. గట్ల మీదా ఇసకలోనూ తిరగడానికి జీపుకు పెద్ద టైర్లు వేయించాడు. స్టెప్నీ కూడా అదే సైజుది కావడంతో, వెనక తలుపు ఆ బరువు మోయలేక బందుల దగ్గర పగిలింది. బంపరును ఉప్పు తినేసింది. వెనక ఒక గట్టి బారు కావాలి, స్టెప్నీని తలుపు కాకుండా ఆ బారే మోయాలి, తలుపు తీయాలంటే స్టెప్నీ పక్కకు తిరగాలి. ఇదీ ఆయన అడిగింది. నెల్లూరులో జీపులున్న స్నేహితులు వానలు తగ్గాక ఒక ఆదివారం ఒడ్డుకు వస్తారనీ, పని బాగుంటే వాళ్ళందరూ చేయించుకుంటారనీ ఆశ కూడా పెట్టాడు.

కృష్ణ మనసులో లెక్క చకచకా కుదిరింది. మూల పడి ఉన్న మోపు కదులుతుంది. ఎవరూ లారీలో తెచ్చి దించలేని పని చేతికొస్తుంది. స్టెప్నీని మోస్తూ పక్కకు తిరిగే ఇనప చెయ్యి మాత్రం ఏముంది, చిన్న గేటే కదా అనుకున్నాడు.

పని శ్రద్ధగా చేశాడు. జీపు అడుగున ఛాసీకి మందపాటి ప్లేట్లు బిగించి, వాటి మీద పైపు బారు నిలబెట్టాడు. గట్టు ఎక్కేటప్పుడు మట్టికి తగలకుండా చివరలు పైకి వంచాడు. లాగుడు తాడుకు రెండు కొక్కేలు పెట్టాడు. నంబరు ప్లేటూ లైట్లూ కనపడేచోటికి మార్చాడు. కుడి మూలన స్టెప్నీ చెయ్యి, ఎడమవైపు గడియ. సీల దగ్గర మాత్రం, ఎన్నేళ్ళుగానో చేసినట్టే, గోరు మందాన సందు వదిలాడు. అలవాటైన అతని చెయ్యి ఆలోచించకుండా చేసేసింది.

గేటు ఒకచోట నిలబడి ఉంటుంది. జీపు నిలబడదు. ఈ చిన్న తేడా కృష్ణకు తట్టలేదు.

మొదట స్టెప్నీ గుంటల గట్టు మీద టకటకమంది. తర్వాత ఊరంతా వినపడింది. ఒడ్డున చేపల వ్యాపారం చేసే గురవమ్మకు రెండు బోట్లూ, ఒక చేపల వ్యానూ ఉన్నాయి, వాటికంటే పెద్ద నోరు ఉంది. ఆ చప్పుడు విని ఐస్ బండి వచ్చిందని పిల్లకాయలు గిన్నెలు పట్టుకుని పరిగెత్తారని ఆమె నలుగురిలో చెప్పి నవ్వించింది. ఆ నవ్వు షెడ్డు దాకా వచ్చింది. దాని వెనకాలే నరేంద్రబాబు వచ్చాడు. ఊగి ఊగి సందు పెద్దదై, చెయ్యి కిందికి వాలింది. గడియ అందక వల తాడుతో కట్టుకొచ్చాడు.

ఆయన కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే కృష్ణకు తేలిగ్గా ఉండేది.

"వాకిట్లో నిలబడేదానికీ రోడ్డు మీద ఎగిరేదానికీ తేడా లేదా కృష్ణా? పోనీలే, చెన్నైలో చేసిందొకటి తెప్పించుకుంటా."

"నీ స్నేహితులొచ్చే ఆదివారం దాకా ఉండన్నా. అప్పటికీ మోగితే నేనే ఇప్పేసి, నీ తలుపు నీకు బాగుచేసిస్తా."

ఆయన జీపు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

సందు లేకుండా బిగువుగా సీల దించడం కృష్ణకు చేతకాక కాదు. అలా చేస్తే ఆదివారం గడిచిపోతుంది, జీపు మోగదు. కానీ వచ్చే వానలకు తుప్పు ఉబ్బి చెయ్యి బిగుసుకుంటుంది. ఏ గట్టు మీదో ఆయన తలుపు తీయలేక చిక్కుకుంటాడు. అప్పుడు ఉన్న ఒక్క పేరూ పోతుంది. వదులైతే మోత, బిగువైతే తుప్పు. రెండింటి మధ్య దారి కనపడలేదు.

ఆ వారంలోనే గురవమ్మ కబురు పెట్టింది. బోటును నీళ్ళలోకి దించే ట్రాలీ ఫ్రేము విరిగింది, వచ్చి అతకమంది. ఎగతాళి చేసిన మనిషి అయినా పని పనే. వెళ్ళి ఇసకలో కూర్చుని అతికాడు. లేస్తూ ఆసరాకు ట్రాలీ చక్రం పట్టుకున్నాడు. అది ఇటూ అటూ ఊగలేదు. తిప్పి చూస్తే మెత్తగా తిరిగింది. రోజూ సముద్రంలో మునిగి లేచే చక్రం అది.

"అక్కా, ఇది ఎప్పుడన్నా బిగుసుకున్నాదా?" అని అడిగాడు.

"ఎందుకు బిగుసుకుంటాది అబ్బయా? బేరింగుల్లో గ్రీజు నిండా కూరతాం. ఇంక నీళ్ళు పోయేదానికి చోటేదీ?"

కృష్ణ చక్రం వదల్లేదు. ఇన్నేళ్ళూ తుప్పు ఉబ్బడానికి తనే చోటిచ్చి, గేట్లను కాపాడుతున్నాననుకున్నాడు. ఆ చోటును ఉప్పునీళ్ళ కంటే ముందే బేరింగుతోనూ గ్రీజుతోనూ నింపేస్తే ఊగేదీ కాదు, తుప్పూ పట్టేది కాదు. అడ్డంగా పడుకున్న ఈ ఇరుసును నిలువుగా లేపి నిలబెడితే, అదే స్టెప్నీ చెయ్యి తిరిగే సీల.

పాత ట్రాలీ ఇరుసు ముక్క, దాని మీద తిరిగే హబ్బుతో సహా, ఆమె పాక వెనక పడి ఉంది. కావాలన్నాడు. గురవమ్మ ఏదీ ఊరికే ఇచ్చే మనిషి కాదు. అతణ్ణి తన చేపల వ్యాను దగ్గరికి తీసుకెళ్ళి కిందికి వంగి చూడమంది. స్టెప్నీ బండి అడుగున వేలాడుతోంది. దాని మీద చేపల ఐసు కరిగిన నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. నాయుడుపేట దారిలో టైరు పంచరైతే, గొలుసు తుప్పుపట్టి స్టెప్నీ ఊడి రాలేదట. ఎండలో చేపలన్నీ మెత్తబడిపోయాయట.

"నా బండికీ అట్టాంటి చెయ్యి ఒకటి పెట్టు. ఇనుం ముక్క తీసకపో."

"ముందు జీపుకు మోగకుండా నిలబడనీ అక్కా."

"వాళ్ళకది సరదా. నాకు అన్నం. ఎవురిది ముందో నువ్వే లెక్కేసుకో."

లెక్క వేసుకున్నాడు. అయినా మాటిచ్చింది జీపుకు కాబట్టి అదే ముందన్నాడు. గురవమ్మ మొహం చిట్లించింది కానీ కాదనలేదు.

షెడ్డులో ఇరుసు ముక్కను కోసి, బారు మూలన నిలువుగా అతికాడు. హబ్బును స్టెప్నీ చేతికి అతికాడు. వేడి పూర్తిగా చల్లారేదాకా ఆగి, అప్పుడు కావలి నుంచి తెచ్చిన కొత్త బేరింగులు, నీళ్ళు చొరకుండా రబ్బరు సీలు వేసి, వేళ్ళతో గ్రీజు కూరి, పైన మూత బిగించాడు. గడియ దగ్గర చిన్న ఏటవాలు ప్లేటు పెట్టాడు. మూసేటప్పుడు చెయ్యి దాని మీదికి ఎక్కి కూర్చుంటుంది, బరువంతా సీల మీదే పడదు. ఉషారాణి టీ తెచ్చి, స్టెప్నీని ఒక వేలితో నెట్టింది. అది తిరిగింది. ఆమె ఇంకోసారి నెట్టింది.

ఆదివారం ఒడ్డున నాలుగు జీపులు చేరాయి. వెనక సీట్లో కూర్చుంటానని కృష్ణ అడిగి ఎక్కాడు. గట్టు దిగారు, ఇసక దిబ్బలు ఎక్కారు, అలల అంచున నురగలో పోయారు. ఇంజను మోత, గాలి, ముందు సీట్లో వాళ్ళ నవ్వులు అన్నీ వినపడుతున్నాయి. అతను చెవి పెట్టింది వీపు వెనకాల చప్పుడు కోసం. అది రాలేదు.

తిరిగి వస్తుంటే నెల్లూరు వాళ్ళ జీపు ఒకటి తడి ఇసకలో ఇరుసు దాకా కూరుకుపోయింది. నరేంద్రబాబు తన జీపును దానికి ఎదురుగా వెనక్కు నడిపి, బారు కొక్కేనికి తాడు వేయించాడు. తాడు బిర్రబిగిసింది. బారు కదల్లేదు, కూరుకున్న జీపే కదిలింది. బయట పడ్డాయన దిగి, ముందుగా కొక్కేలూ, ఆ తర్వాత స్టెప్నీ చెయ్యీ చూసి, ఇది ఏ ఊళ్ళో చేయించారని అడిగాడు.

"మా బోగోలు కృష్ణ చేసినాడు. మొదటిది మోగింది, ఇది మోగదు," అన్నాడు నరేంద్రబాబు. ఆయన ఉన్నదున్నట్టు చెప్పడమే కృష్ణకు మేలు చేసింది. పొగడ్త అయితే వాళ్ళు అంత నమ్మేవాళ్ళు కాదు.

ఆ జీపుల పనులు ఒక్కొక్కటే వచ్చాయి, అయిపోయాయి కూడా. సరదా మనుషులు కొందరే ఉంటారు. కొత్త చెయ్యి పెట్టించుకున్న గురవమ్మ వ్యాను మాత్రం మార్కెట్టుకు పోయిన ప్రతిచోటా నిలబడింది. పక్కన ఆగిన డ్రైవర్లు దాని స్టెప్నీని తిప్పి చూశారు. ఐసు నీళ్ళు కారే బండి ఈ తీరం పొడవునా ఎన్ని ఉన్నాయో అప్పుడు గానీ కృష్ణ లెక్కకు రాలేదు.

వానలు వెళ్ళాక మిగులు చూసుకుంటే ఇదీ తేలింది. పైపుల మోపు అయిపోయి, దాని చోట కొత్త మోపు దిగింది. షెడ్డు తాళంచెవి కృష్ణ మొలతాడుకే ఉంది. పోర్టు నుంచి ఉషారాణి అన్న మళ్ళీ కబురు పెట్టాడు. ఈసారి అది తమ కాంట్రాక్టరు ట్రక్కుకు స్టెప్నీ చెయ్యి కావాలని. బిగుసుకుపోదన్న పాత పేరు పోలేదు, మోగదన్న పేరు దానికి తోడైంది. ఇక తీర్చాల్సిన బాకీ ఒక్కటే మిగిలింది. సముద్రం గాలికి ఇప్పటికీ టకటకమంటున్న తన ఇంటి గేటుకు హబ్బు ఎప్పుడు వేస్తావని ఉషారాణి రోజూ అడుగుతోంది.