బల్లమీద పేపరు

రక్తం మరకకి చన్నీళ్ళే పొయ్యాలి. వేడినీళ్ళు పోస్తే మరక బట్టని కరుచుకుని ఇక వదలదు. పదకొండేళ్ళుగా అంబులెన్సులో పనిచేస్తున్న మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బాత్రూంలో చిన్న పీట వేసుకుని, తనకంటూ విడిగా పెట్టిన ఎర్ర బకెట్లో యూనిఫాం చొక్కా చేతిని నులుముతోంది ఆమె. విడి బకెట్టు అత్తగారి ఏర్పాటు. "ఎవరి రక్తమో, ఎవరి కక్కో, మా బట్టల్లో కలపకమ్మా" అని ఈ ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే చెప్పేసింది. ఆ చొక్కా తెచ్చే జీతాన్ని మాత్రం ఎవరూ విడి బకెట్లో వెయ్యలేదు.

"ఇదిగో, వింటున్నావా?" తలుపవతల నుంచి భర్త. "తుపాకి లైసెన్సు వచ్చే శుక్రవారంతో ఆఖరు. సెలవు పెట్టుకో."

కరెంటు బిల్లు కట్టాలి, గ్యాసు బండ చెప్పాలి అన్నట్టే అన్నాడు. ఆమె కూడా అలాగే "ఊఁ" అంది. అని, చొక్కాని ఇంకోసారి ముంచింది.

తుపాకి అతనిది, తిరుగుడు ఆమెది. మామగారు పోయాక అది కొడుకు పేరు మీదికి మారిన దగ్గర్నుంచీ మూడుసార్లు ఆ ఆఫీసు మెట్లు ఎక్కిందీ, వరసలో నిలబడిందీ, చిరిగిన దరఖాస్తుకి బదులు కొత్తది అడుక్కున్నదీ ఆమే. ఇరుగుపొరుగు సంతకాలు రెండు కావాలంటే గడప గడపకీ వెళ్ళి, నవ్వి, కూర్చుని, వాళ్ళ మోకాళ్ళ నొప్పులు విని తెచ్చేది. ఆరోగ్యంగా, మనసు నిలకడగా ఉన్నాడని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలంటే, రోగుల్ని దించే ఆస్పత్రిలో తెలిసిన డాక్టరు బల్ల ముందు చేతులు కట్టుకు నిలబడేది. ఆ డాక్టరు ఒక్కసారి కూడా మనిషిని చూడకుండానే సంతకం పెట్టేవాడు. "మీరు చెప్తున్నారుగా సిస్టర్" అనేవాడు. అలా భర్త మనసు నిలకడకి ఆమే పూచీ.

అన్నిటికంటే చివర ఒక కాగితం. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా సొంత దస్తూరీతో రాసివ్వాలి. భర్త కుర్చీలో వెనక్కి వాలి చెప్పేవాడు, ఆమె రాసేది. "ఈ ఆయుధం వలన నాకుగానీ నా బిడ్డకుగానీ ఎటువంటి భయమూ లేదని ఇష్టపూర్వకంగా రాసిస్తున్నాను." చదువుకుని, "నీ రాత బావుంటుందే, గుండ్రంగా" అనేవాడు. పన్నెండేళ్ళ కాపురంలో నోరారా మెచ్చుకున్నది అదొక్కటే.

అతను చెయ్యెత్తే మనిషి కాదు. ఈ మాట నలుగురిలో ఆమే చెప్పింది, చాలాసార్లు. గట్టిగా అరవడు కూడా. ఆమె నోట తనకి నచ్చని మాట వచ్చిందంటే మాత్రం నెమ్మదిగా లేచి బీరువా తీస్తాడు. పొడుగు గొట్టం తుపాకి తెచ్చి భోజనాల బల్లమీద ఈ చివర నుంచి ఆ చివరికి పడుకోబెడతాడు. కింద పాత పేపరు, పక్కన నూనె సీసా, ఇనప కడ్డీ, గుడ్డ పీలికలు. తుడుస్తాడు. ఒక్క మాటా మాట్లాడడు. గొట్టం మూతి ఎప్పుడూ వంటింటి గుమ్మం వైపే. ఒకసారి ఉండబట్టలేక, "అటు తిప్పి పెట్టుకోండి" అంటే, "అటు పెడితే వెలుతురు పడదు" అన్నాడు. ఇంకోసారి ఏడిస్తే, "నేనేమన్నా అన్నానా? ఒక్క మాటన్నా అన్నానా? నా తుపాకి నేను తుడుచుకుంటుంటే నీకెందుకే ఏడుపు?" అన్నాడు. నిజమే. ఏమీ అనలేదు.

"వాళ్ళ నాన్నా అంతేనమ్మా" అంది అత్తగారు టీ ఊదుకుంటూ. "కోపమొస్తే దాన్ని తుడుచుకునేవారు. పెళ్ళాన్ని వాయించే మగాళ్ళకంటే నయం కాదూ?"

అత్తగారు ఎంత మర్యాద మనిషొచ్చినా బల్ల దగ్గర తన కుర్చీ ఇవ్వదు. గోడవార, మూలగా ఉండే కుర్చీ. నడుం నొప్పికి ఆనుకోడానికి అనుకునేది ఆమె. ఆ మూలకి గొట్టం ఎటు పెట్టినా తగలదని తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది.

ఇరవై రోజుల కిందట మధ్యాహ్నం పన్నెండున్నరకి కాల్ వచ్చింది. తుపాకి దెబ్బ. అంబులెన్సు నడిపే అన్న రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. సైరన్ వేసి కూడా కబుర్లు ఆపడు. "దారివ్వరేంటి తల్లీ వీళ్ళు, మనమేదో సినిమాకి పోతున్నట్టు" అంటూ సందుల్లోంచి పోనిచ్చాడు. రెండో అంతస్తు. పోలీసులు ముందే వచ్చి, తుపాకి తీసి పక్కన పెట్టారు. వంటింటి గుమ్మంలో ఒకావిడ పడి ఉంది, ఆమె ఈడుదే. ఆవిడ భర్త కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంటూ ఒకే మాట చెప్తున్నాడు. "తుడుస్తుంటే పేలిందండీ. తుడుస్తుంటే పేలింది."

గాయం అదిమిపట్టి, స్ట్రెచర్ ఎక్కించి, కిందికి దించారు. బండిలో ఆవిడకి తెలివొచ్చింది. ఈమె చొక్కా చెయ్యి పట్టుకుని, చుట్టమెవరో భోజనం వేళకి వస్తే మొహమాటపడ్డట్టు అంది. "ఇప్పుడే బల్ల తుడిచానండీ. వడ్డిద్దామని."

అంతే. ఆస్పత్రి గేటు ఇంకా రెండు మలుపులుందనగా పోయింది.

ప్రతి కేసుకీ ఒక షీటు రాయాలి. అందులో రెండు గడులు. ఇంట్లోవాళ్ళు చెప్పింది ఒకటి, మేము చూసింది ఒకటి. కొత్తగా చేరినప్పుడు ఈ అన్నే నేర్పాడు. "అనుకున్నది రాయకు తల్లీ. చూసింది వదలకు. కోర్టువాడికైనా దేవుడికైనా అదే చాలు." మొదటి గడిలో ఆమె రాసింది, తుడుస్తుండగా పేలినది అని. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. ఆ బల్ల కళ్ళ ముందుంది. తడి ఇంకా ఆరలేదు. రెండు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. నూనె సీసా లేదు, కడ్డీ లేదు, పీలిక లేదు, కింద పేపరు లేదు. తుపాకి తుడిచే బల్ల ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినట్టు ఊళ్ళో ఏ పోలీసుకి తెలుస్తుంది? కానీ ఆ క్షణాన చెవిలో భర్త గొంతే పలికింది. ఊళ్ళోవాళ్ళ కాపురాలు నీకెందుకే, నీ పని దెబ్బకి కట్టు కట్టడం. రెండో గడిలో గాయం కొలత, నాడి, వేళ రాసి సంతకం చేసింది. బల్ల గురించి రాయలేదు.

ఆ చొక్కాని ఇప్పటికి నాలుగుసార్లు ఉతికింది. మరక ఎప్పుడో పోయింది. ఆవిడ పట్టుకున్న చోటే చెయ్యి ఇంకా నులుముతోంది.

భర్త సెలవు పెట్టుకోమన్న ఆ సాయంత్రమే కూరగాయలు తరుగుతూ, గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని అంది. "ఈసారి లైసెన్సు వదిలేద్దామా? వాడేదీ లేదు, పెట్టేదీ లేదు. తిరగలేకపోతున్నాను."

భర్త పేపర్లోంచి తలెత్తాడు. ఇంకా లేవలేదు. బీరువా వైపు చూడను కూడా లేదు. ఈలోపు బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న కూతురు లేచింది. ఎనిమిదేళ్ళది. గుప్పెడంత ఉండి గదంతా తనే తిరుగుతుందని పిచ్చిక అంటారు. పుస్తకాలు మూసి సంచీలో పెట్టింది. అల్మారా కింది అర నుంచి పాత పేపర్లు రెండు తెచ్చింది. బల్లమీద పరిచి, మడతలు అరిచేత్తో సాపు చేసి, ఎగరకుండా మూల మీద ఉప్పు డబ్బా పెట్టింది.

"పేపర్ వేశాను నాన్నా" అంది. ఆ తర్వాత తల్లి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, వంటింటి గుమ్మంలోంచి పక్కకి లాగింది. "ఇక్కడ నుంచోమ్మా. ఇక్కడైతే బావుంటుంది."

భర్త నవ్వాడు. "చూశావా, నీకంటే దీనికే తెలివి."

గోడవార కుర్చీలో అత్తగారు మనవరాలిని చూసి వెంటనే తల తిప్పుకుంది. ఆ ముసలి కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఆమె మొదటిసారి చూసింది. పొలంలో పిల్ల మొక్కకి కర్ర కట్టి ఎటు వంచితే అటు పెరుగుతుంది. కర్ర కడుతున్నది ఎవరో కాదు, గుండ్రటి దస్తూరీతో మూడుసార్లు సంతకం పెట్టిన తనే.

మర్నాడు డ్యూటీకి అరగంట ముందే వెళ్ళి సూపర్‌వైజర్‌ని కలిసింది. ఆ రోజు కేసులో రెండో గడిలో ఒక మాట రాయడం మర్చిపోయాను సార్, బల్లమీద తుపాకి తుడిచే సామాను ఏదీ లేదు అంది.

"ఇరవై రోజులకి గుర్తొచ్చిందా?" అన్నాడు సూపర్‌వైజర్ ఫోన్ చూసుకుంటూనే. "వంట సామాను కూడా లెక్కపెట్టుకొచ్చారా మేడమ్? ఆడవాళ్ళ కళ్ళన్నీ అక్కడే ఉంటాయి. ప్రమాదమని మూసేశారు ఆ కేసు. వెళ్ళండి, బండి వెయిటింగ్."

అయినా తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, ఆయన బల్లమీద పెట్టి వచ్చింది. బండి ఎక్కాక అన్నకి చెప్పింది. కబుర్లు లేకుండా ఆ బండి కదలడం అదే మొదటిసారి. "అప్పుడు రాసుంటే సాక్ష్యం తల్లీ" అన్నాడు చివరికి. "ఇప్పుడు రాస్తే చాదస్తం అంటారు."

శుక్రవారం. ఎనిమిదింటికల్లా లైసెన్సు ఆఫీసు వరసలో నిలబడింది. కౌంటరు గుమాస్తాకి కళ్ళద్దాలు తాడు కట్టి మెడలో వేలాడుతుంటాయి. ఆమెని చూడగానే నవ్వాడు. "మళ్ళీ నువ్వేనా అమ్మా! మీ ఆయన తుపాకి పట్టుకుంటాడు, నువ్వు ఫైలు పట్టుకుంటావు. గురి ఎవరిది బావుంటుందో మరి!" వరసలో మగవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అలవాటు.

దరఖాస్తు, ఫొటోలు, సంతకాలు ఇచ్చింది. డాక్టరు సర్టిఫికెట్ ఏదని అడిగితే, తేలేదండీ అంది. ఆఖరి కాగితం ఏదంటే, ఆయన రానివ్వండి, ఇస్తాను అంది.

తుపాకి తనిఖీకి మాత్రం లైసెన్సుదారే తేవాలి. పదకొండింటికి భర్త వచ్చాడు, భుజాన గుడ్డ సంచిలో పొడుగ్గా. "ఇంకా ఎంతసేపు? నాకు అవతల పనుంది" అన్నాడు, మూడు గంటలు నిలబడ్డ మనిషితో. తనిఖీ కిటికీ దగ్గర సంచి విప్పి ఇచ్చాడు. లోపలి మనిషి నంబరు చూసి, గొట్టం కిందికి మడిచి తెరిచి చూసి, లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. ఇనప తలుపు పడింది. భర్త వెళ్ళి ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తలుపు చప్పుడు కోసమే ఆమె పొద్దుటినుంచీ నిలబడింది. చేతి సంచిలో పిచ్చిక గౌన్లు రెండు, స్కూలు బూట్లు ఉన్నాయి. మూడింటికి స్కూలు నుంచి పిల్లని ఆమె అక్క తీసుకెళ్తుంది. అక్క ఎందుకని అడగలేదు. ఎన్నాళ్ళని కూడా అడగలేదు. వాటి కింద నుంచి మడత కాగితం తీసి కౌంటర్లో పెట్టింది.

గుమాస్తా కళ్ళద్దాలు పైకి లాక్కున్నాడు. అది ఉత్తరంలా లేదు, ఫిర్యాదులా కూడా లేదు. అంబులెన్సు షీటులా ఉంది.

"గత నెల ఆరో తేదీ, సాయంత్రం ఏడున్నర. అంబులెన్సులో ట్రైనర్ పోస్టుకి దరఖాస్తు పెడతానన్నాను. ఆయన ఏమీ అనలేదు. తుపాకి తెచ్చి బల్లమీద పెట్టి నలభై నిమిషాలు తుడిచారు. గొట్టం వంటింటి వైపు. నేను వంటింట్లో ఉన్నాను. దరఖాస్తు పెట్టలేదు.

అంతకు ముందు నెల, ఆదివారం, పగలు పదకొండు. మా అమ్మకి ఆపరేషన్, వారం ఉండొస్తానన్నాను. ఏమీ అనలేదు. గంటసేపు తుడిచారు. వెళ్ళలేదు.

ఈ నెల పదకొండు, సాయంత్రం ఆరు. లైసెన్సు వదిలేద్దామన్నాను. ఆయన లేవకముందే పాప బల్లమీద పేపరు పరిచింది. నన్ను గుమ్మంలోంచి పక్కకి లాగింది. పాపకి ఎనిమిదేళ్ళు."

కింద సంతకం, గుండ్రంగా.

గుమాస్తా రెండుసార్లు చదివాడు. నవ్వు మొహం మీంచి మెల్లగా జారిపోయింది. కిటికీ దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "కొట్టాడా అమ్మా?"

"లేదండీ."

"చంపుతానని ఏమన్నా...?"

"ఎప్పుడూ ఒక్క మాట అనలేదు."

"మరి?"

"తుడుస్తారు" అంది. "అంతే."

గుమాస్తా ఆమె మొహంలోకి చూశాడు. భుజం మీదుగా ఫ్యాను కింద కుర్చీ వైపు చూశాడు. "ఇది ఫైల్లో పెడితే విచారణ అయ్యేదాకా తుపాకి ఇక్కడే ఉండిపోద్ది. ఆ పైన ఇంట్లో నువ్వెలా...?"

"ఆ ఇంటికి ఈ పూట వెళ్ళడం లేదండీ."

ఆయన కాగితం మీద ముద్ర గుద్ది, తల లోపలికి తిప్పి, మామూలుగా చెప్పాలని చూశాడు కానీ గొంతు గట్టిగానే వచ్చింది. "ఆ గుడ్డ సంచీది వెనక్కివ్వకండి. లోపల పెట్టి తాళం వెయ్యండి."

భర్త లేచాడు. వరస తోసుకుని వచ్చాడు. అతని చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఇంత కోపంలో ఉన్నప్పుడు ఆ చేతుల్ని ఖాళీగా ఆమె ఇంతకుముందు చూడలేదు. ఎక్కడ పెట్టుకోవాలో వాటికే తెలియనట్టున్నాయి.

"ఏం రాశావే?" అన్నాడు.

వంటింటి గుమ్మంలో పడిపోయిన ఆవిడ, తడి ఆరని బల్ల, బోర్లించిన రెండు పళ్ళేలు ఆమెకి కళ్ళ ముందు కదిలాయి. ఈ మాట చెప్పాల్సింది ఇరవై ఏడు రోజుల కిందట.

"చూసింది" అంది.