కాసులమ్మ కాలివేలు

ఫిషింగ్ హార్బర్‌లో ఎల్లాజీని కదిపితే, యారాడ కొండ వెనక తను పట్టిన ముల్లుతోక టేకు చేపని తల ఒక బోటులో, తోక ఇంకో బోటులో వేసి తెచ్చామని చెప్పేవాడు. వినేవాడు కళ్ళార్పితే మూడో బోటు కూడా వచ్చేది. తన మాటలు ఊరంతా నమ్మాలనే ఆ మనిషికి సొంత పెళ్ళాం మాట మీద మాత్రం నమ్మకం పోయింది. తొంభై ఎనిమిది ఎండాకాలంలో అతను కాసులమ్మని చూసినట్టు కస్టమ్సువాళ్ళు కూడా ఏ ఓడనీ చూసి ఉండరు.

సంగతేమిటంటే, ఎండుచేపలు తిరగేస్తుంటే కాసులమ్మ కాలి చిటికెనవేలికి ముల్లు దిగింది. నెలైనా పుండు మానలేదు. పరీక్ష చేస్తే షుగరు. డాక్టరు ఇన్సులిన్ రాశాడు. "రెండు నెలల్లో షుగరు దిగకపోతే వేలు తీసెయ్యాలి. ఆ తర్వాత పాదానికి నేను హామీ ఇవ్వలేను" అన్నాడు. మందు చల్లగా ఉంచమన్నాడు.

సూది వెయ్యడం ఎల్లాజీ నేర్చుకున్నాడు. చల్లదనం సంగతి అతనికొకరు చెప్పాలా? ముప్ఫై ఏళ్ళుగా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. సీసాని తన చేత్తోనే అక్కడ దాచి, రోజూ పొద్దున్న పంచెలో చుట్టుకుని తెచ్చి సూది వేసేవాడు.

మూడు వారాలు గడిచాయి. షుగరు దిగలేదు సరికదా ఇంకాస్త ఎక్కింది. వేలి అంచు నల్లబడింది.

"ఏటే, నాకు తెలీకుండా ఏటి తింటన్నావ్?"

"నీ బుర్ర తింటన్నాను. అందులో తీపేటుంది?"

ఎల్లాజీ బెల్లం డబ్బా మూత చుట్టూ వలదారం కట్టాడు. వారం గడిచినా దారం తెగలేదు. దాంతో అనుమానం పోవాలా? పెరిగింది. దారం తెగకుండా బెల్లం తియ్యడం నేర్చిందంటే ఎన్నాళ్ళ అలవాటో అనుకున్నాడు. ఆమె నిద్రలేవగానే నోరు వాసన చూశాడు. పక్కింటి చిట్టమ్మ చెంబు పట్టుకుని వస్తే, చెంబులోకి తొంగిచూశాడు.

"మజ్జిగ అన్నా, మజ్జిగ! కావాలంటే సెయ్యెట్టి సూడు" అంది చిట్టమ్మ.

ఎల్లాజీ నిజంగానే చెయ్యి పెట్టాడు. చిట్టమ్మ ఆ మజ్జిగ అక్కడే పారబోసి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

కాసులమ్మ ఆ రోజునుంచి గంజినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఐదోరోజు పరీక్షలో షుగరు మళ్ళీ ఎక్కువే. అప్పుడు ఎల్లాజీకి భయం వేసింది. గంజి తాగే మనిషికి తీపెక్కడిది? పెళ్ళాం కాకపోతే మందులషాపువాడు మోసం చేస్తున్నాడనుకుని, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మేనకోడలు సూర్యకళ దగ్గరికి పరిగెత్తాడు. ఆ పిల్ల బయోకెమిస్ట్రీ చదివింది.

"నకిలీ మందమ్మా! నాను కేసెడతాను."

"ఉండు మావా. ముందు ఆ మందు ఏటి సేత్తాదో తెలుసా?" అంది సూర్యకళ. "మన ఒంట్లో ఒక్కో కణం సిన్న హార్బరనుకో. లోపల గదులు గదులు. ఒక గదిలో ప్రోటీన్‌ని మడతెడతారు. మడత కుదరని సరుకు గుమ్మం దాటదు. ఇంకో గదిలో దాని మీదున్న గుర్తు సూసి, ఏది ఎక్కడికెల్లాలో ఏరి, సిన్న సంచుల్లో కడతారు. ఇన్సులిన్ కూడా అలాగొచ్చే ప్రోటీనే. క్లోమంలో తయారై, నెత్తుట్లో ఎల్లి, కణం గుమ్మంలో తనకని ఉన్న గాడిలో కూచుంటాది. అప్పుడు లోపలికి కబురెల్లుద్ది. లోపల సంచుల్లో దాసిన తలుపులు పైకొచ్చి తెరుసుకుంటాయి. నెత్తుట్లో సక్కెర లోపలికి పోద్ది. అత్త ఒంట్లో ఆ కబురు సాలట్లేదు. అందుకే సూదితో పంపుతన్నాం."

ఎల్లాజీ కళ్ళు చిన్నవి చేశాడు. "కబురెల్లినా తలుపు తియ్యట్లేదంటే, లోపలోళ్ళే దొంగలన్నమాట."

"లోపలోళ్ళని తరవాత పట్టుకుందాం. సీసా ఎక్కడెడతన్నావ్?"

ఎల్లాజీ ఛాతీ విరిచాడు. "దిమ్మల గదిలో, రెండు దిమ్మల మజ్జిన. కలెక్టరు బంగళాలో కూడా అంత సల్లదనం ఉండదు. పొద్దున్న తీస్తే రాయే! గుప్పెట్లో కరిగించి పొడుత్తాను."

సూర్యకళ చేతిలో గాజుగొట్టం బల్ల మీద పెట్టేసింది.

"గడ్డకట్టిందంటే ఆ మందు పాడైపోద్ది మావా. మడత సెడి ముద్దలు కట్టేద్ది. కరిగినా మళ్ళీ ముందులా అవదు, గుమ్మంలో గాడికి సరిపోదు. నెల పైనుంచి అత్తకి ఉత్తి నీళ్ళు పొడిసావ్."

"సేపకి ఐసే కదే ప్రాణం?"

"సచ్చిన సేపకి, మావా."

ఎల్లాజీ ఆ పూట ఎవరికీ టేకు చేప కథ చెప్పలేదు. హార్బర్‌లో చాలామంది అతనికి జ్వరమనుకున్నారు.

కొత్త సీసా కొన్నారు. సూర్యకళ చెప్పినట్టు తడి ఇసకలో కుండ పెట్టి, అందులో ఉంచారు. కాసులమ్మకి సంగతంతా చెప్పాల్సొచ్చింది. ఆవిడ తిడుతుందని ఎల్లాజీ తలొంచుకుని సిద్ధంగా కూచున్నాడు. తిట్టకపోవడంతో అతనికి ఇంకా భయమేసింది.

పద్దెనిమిది రోజులకి డాక్టరు కట్టు విప్పాడు. నల్ల అంచు ఊడి, కింద ఎర్రటి కండ కనిపిస్తోంది. "వేలు ఉంటుంది. మందు మాత్రం తప్పించొద్దు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఎల్లాజీ సిరంజి నింపుకుని హుషారుగా వచ్చాడు. కాసులమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు. కుండలోంచే తీసావా?"

"కుండలోంచే."

"దారిలో ఎండలో ఎక్కడైనా ఎట్టావేటి?"

"వంటింట్లోంచి గుమ్మానికి దారేటే, ఎండేటే! పోలమ్మ మీద ఒట్టు."

"నీ టేకు సేప మీద కూడా పోలమ్మ ఒట్టే ఏసావు" అంది కాసులమ్మ. సీసా తెమ్మంది. వెలుతురులో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, అందులో తరకలేమైనా ఉన్నాయేమోనని చాలాసేపు చూసింది. ఎల్లాజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఊఁ, కానీ" అని పొట్ట మీద చీర పక్కకి తీసింది. సూది దిగుతున్నంతసేపూ ఆమె సూదిని చూడలేదు. రెప్పెయ్యకుండా మొగుడి మొహమే చూస్తూ కూచుంది.