మూత లోపలి గీత

ఎంగిలి కంచాలు తీసి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తేగాని ఆ భోజనాల బల్ల ఆమెకు ఆఫీసు కాదు. మధ్యాహ్నం రెండున్నరకు ల్యాప్‌టాప్ దాని మీద పెడుతుంది. నాలుగున్నరకు కూతురు బడి నుంచి వస్తుంది, తీసేస్తుంది. ఆ రెండు గంటల్లోనే అత్తగారి మందులు, మేడ మీద ఆరేసిన బట్టలు, తలుపు తట్టేవాళ్ళు. పదేళ్ళుగా అంతే.

ఆమె పనిచేసే చోటు ఇంటర్నెట్లో ఒక బొమ్మల గిడ్డంగి. ఎవరైనా తాము తీసిన ఫొటోలు అందులో పెట్టవచ్చు, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. నడిపేవాళ్ళంతా ఊరికే పనిచేసేవాళ్ళు. అక్కడ ఆమె పేరు ‘ఉడత’. తనది ఉడతా సాయమేనని మొదట్లో సరదాగా పెట్టుకుంది. ఇప్పుడు నిర్వాహకురాలు. ఇతరుల ఫొటోలను తమవని పెట్టేవాళ్ళను అడగాలి, వారం రోజులు చర్చ నడపాలి, రుజువు లేకపోతే తీసెయ్యాలి. తీసేస్తే తిడతారు. “నువ్వెవరివి? ఈ అధికారం నీకెవరిచ్చారు?” అంటారు. ఇంట్లో కూర బాగుంటే ఎవరూ నోరెత్తరు, ఉప్పెక్కువైతే అందరికీ మాటలొస్తాయి. అక్కడా అదే తంతు.

“ఆ పెట్టెలో వాళ్ళు నీకు జీతమేమైనా ఇస్తారా?” అని అత్తగారు ఒకసారి అడిగింది. లేదంది. “మరి ఇంట్లో చేసేది చాలకనా?” అంది ఆవిడ. అది ఎగతాళో జాలో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

ఆరోజు బల్ల ఇంకా ఆరకముందే ఫోను మోగింది. భర్త, ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి.

“ఇదిగో, నాన్న ఫొటోకి ఎవడో ఎర్ర పట్టీ అంటించాడు. తొలగించాలంటున్నాడు. చూశావా?”

“ఇప్పుడే తెరుస్తున్నానండీ.”

“తెరవడం కాదు, మూసెయ్. నీ దగ్గర ఆ మీట ఉందిగా. ‘ఉంచాలి’ అని నొక్కితే పోతుంది. సోమవారం పుస్తకం అచ్చుకి వెళ్తోంది. లోపల నా పేరుంటుంది, ఆవిష్కరణ సభలో పిలుస్తారు కూడా. ఇప్పుడిదేం గోల?”

ఫోను పెట్టేశాక ఆ పేజీ తెరిచింది.

గడియారాలు బాగుచేసే మావగారు. బల్ల ముందు కూర్చుని, కంటికి బిగించుకున్న భూతద్దం నుదుటి మీదికి తోసి, నవ్వుతున్నారు. పాత వృత్తుల మీద పుస్తకం వేస్తున్నవాళ్ళు ఆ నవ్వు చూసే దాన్ని ఎంచుకున్నారట. కింద, తీసినవారి పేరు దగ్గర, భర్త పేరు. పక్కన ‘ఇది నా సొంత కృతి’ అన్న గడిలో టిక్కు.

ఆ టిక్కు ఆమెకు కొత్త కాదు. నెల క్రితం భర్త ఆ ఫొటో పెట్టినరోజే చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళను వందలమందిని “ఇది మీరు తీసిందేనా?” అని అడిగిన మనిషి, పక్క గదిలో ఉన్న మనిషిని అడగలేకపోయింది. అడిగితే ఏమంటాడో తెలుసు. తెలిసిన జవాబు కోసం మళ్ళీ ఒక సాయంత్రం పాడుచేసుకోవడం ఎందుకని.

ఎర్ర పట్టీ అంటించింది ‘రూల్సు తాతయ్య’. అసలు వయసెంతో ఎవరికీ తెలియదుగాని, చాటున అందరూ అలాగే పిలుస్తారు. కామా తప్పితే నిద్రపట్టని మనిషి. నిరుడు, చనిపోయిన తండ్రి ఫొటో ఒకమ్మాయి పెడితే, అది స్టూడియోవాళ్ళు తీసిందని తేల్చి తీసేయించాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ రాసిన ఉత్తరం ఆమెకే వచ్చింది. స్టూడియో వాళ్ళ వెంటపడి, అనుమతి రాయించి, ఆ ఫొటో తిరిగి పెట్టించడానికి ఆమెకు రెండు నెలల మధ్యాహ్నాలు పట్టాయి. అప్పటినుంచి తాతయ్య పేరు కనబడితే ఆమెకు భుజాలు పట్టేస్తాయి.

ఇప్పుడాయన రాసింది చదివింది. ఆ గిడ్డంగిలో ఒక సంగతుంది. పెట్టిన బొమ్మను కత్తిరించి కొత్తది పెట్టినా, పాత ప్రతి వెనకే ఉండిపోతుంది, చెరగదు. ఫొటో అంచు కత్తిరించి మళ్ళీ పెట్టిన భర్తకది తెలియదు. తాతయ్యకు తెలుసు.

“మొదటి ప్రతిలో, కత్తిరించిన కుడివైపు భాగంలో, వెనక కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఈ ఫొటో పెట్టినవారి పరిచయ పేజీలోని బొమ్మనుబట్టి చూస్తే, ఆ నిద్రపోతున్నది వారేనని నా అనుమానం. నిద్రలో నడిచేవాళ్ళున్నారుగాని, నిద్రలో ఫొటో తీసేవాళ్ళను నేనెరగను. మరి ఫొటో తీసిందెవరు?”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఫొటో తీసిందెవరు? అది తీసి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఈ మాట అడిగింది ఈయనొక్కడే.

ఆరోజు బాగా గుర్తు. ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలు తోమి భుజం మీద తువ్వాలుతో బయటికొచ్చింది. భర్త కుర్చీలో గురకపెడుతున్నాడు. మోజుపడి కొని, రెండు నెలలు మెడలో వేసుకు తిరిగి, బీరువా మీద పడేసిన కెమెరా అప్పటికే ఆమె చేతికొచ్చింది. పిల్ల పుట్టినప్పటినుంచి ఇంట్లో ఫొటోలన్నీ ఆమె తీసినవే, అందుకే దేనిలోనూ ఆమె లేదు. మావగారు తలెత్తి కొడుకు వైపు చూసి, “అమ్మాయ్, నా గడియారాలన్నీ ఒక ఎత్తు, వీడి గురక ఒక ఎత్తు. సెకను తప్పదు!” అన్నారు. అని నవ్వారు. అప్పుడు నొక్కింది. ఆ నవ్వు అందుకు వచ్చిన నవ్వు. నవ్వు ఉంచి, దాని కారణాన్ని కత్తిరించారు.

ఆ తర్వాత ఆయన ఒక చేతిగడియారం వెనక మూత విప్పి చూపించారు. లోపల సూదితో గీసినట్టు సన్నని గీతలు, తేదీలు. బాగుచేసిన ప్రతివాడూ తన గుర్తు అక్కడ గీస్తాడట. అన్నిటికన్నా కిందిది ఆయనది.

“పెట్టుకునేవాడికి కనబడదు కదా మావయ్యగారూ, ఎందుకు?”

“పెట్టుకునేవాడి కోసం కాదమ్మా. రేపు మళ్ళీ విప్పేవాడికి, ఇక్కడ ఒక చెయ్యి పనిచేసి వెళ్ళిందని తెలియాలి కదా.”

ఆ ఇంట్లో, కనబడకుండా పనిచేసే చేతి సంగతి ఎత్తిన మాట అదొక్కటే. ఆయన పోయి నాలుగేళ్ళు.

అత్తగారు గదిలోంచి కర్ర తాటించుకుంటూ వచ్చి, మందు కోసం బల్ల దగ్గర కూర్చుంది. తెర మీద మావగారిని చూసి కళ్ళద్దాలు సవరించుకుంది. ఆమె పాత ప్రతిని పెద్దది చేసి చూపించింది.

“వీడెందుకు ఇలా పడున్నాడు?”

“నిద్రపోతున్నారత్తయ్యా.”

“అవున్రా నాయనా, ఎప్పుడు చూసినా అదే పని.” ఆవిడ మాత్ర మింగి నీళ్ళు తాగింది. “మరి తనే తీశానని ఊరంతా చెబుతున్నాడే?”

అత్తగారు కర్ర అందుకుంది. లేస్తూ లేస్తూ, ఎన్నడూ లేనిది, తాగిన గ్లాసు తనే తీసుకెళ్ళి తొట్టిలో పెట్టింది.

మూడుంబావు అయింది. ఆ మీట తెర మీద పక్కనే ఉంది. నొక్కితే ఇంట్లో రేపు, ఎల్లుండి, సోమవారం అన్నీ మామూలుగా గడిచిపోతాయి. సభలో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంది, అలవాటే. కాకపోతే అనుమతి కాగితం లేక తండ్రి ఫొటో పోయిందని ఏడ్చిన ఆ అమ్మాయికి తనేం జవాబు చెబుతుంది? నొక్కకుండా ఊరుకుంటే వారం తర్వాత మావగారి నవ్వు అక్కడినుంచి పోతుంది. ఒకటి భర్తను కాపాడడం, రెండోది ఎవరినీ కాపాడకపోవడం. ఆమెకు ఒళ్ళంతా అలసటగా అనిపించింది. బల్ల తుడిచిన అలసట కాదు, తుడిచిన సంగతి కూడా తనే తుడిచేసుకుంటూ వచ్చిన అలసట.

వందలసార్లు పరాయివాళ్ళకు అతికించిన వాక్యం ఒకటి ఆమె దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఈసారి అతికించలేదు. ఒక్కొక్క అక్షరం కొట్టింది.

“కెమెరా కొన్నవారు కాదు, ఫొటోలో ఉన్నవారు కాదు, తీసినవారే ఫొటోకు హక్కుదారు. ఈ ఫొటో తీసింది నేను. కుర్చీలో ఉన్నది మా ఆయన. కాబట్టి నిర్వాహకురాలిగా ఈ చర్చను నేను ముగించకూడదు. ఆరోజు ఇదే కెమెరాతో తీసిన మరో పదకొండు ఫొటోల అసలు ప్రతులు రుజువుగా పంపుతున్నాను. ఫొటోను అందరూ వాడుకోవచ్చు. నా పేరు వెయ్యాలి.”

కింద ‘ఉడత’ అని రాయలేదు. పెళ్ళికి ముందు పరీక్ష కాగితాల మీద రాసుకున్నట్టు, పూర్తి పేరు రాసింది. పుస్తకం వాళ్ళకు కూడా అదే పంపింది.

పది నిమిషాలకు తాతయ్య జవాబు వచ్చింది. “రుజువులు చూశాను. చాలు. మరొకరిని ముగించమంటాను. ఫొటో చాలా బాగుందండీ.” ఆ మనిషి ఒక ఫొటోను బాగుందనడం పదేళ్ళలో ఆమె చూడలేదు. రెండుసార్లు చదివి, ల్యాప్‌టాప్ మూసి, మేడ మీదికెళ్ళి బట్టలు తీసుకొచ్చింది.

ఆరింటికి భర్త వచ్చాడు. బూట్లు విప్పుతూనే అడిగాడు.

“అయిందా? మూసేశావా?”

“లేదండీ. నేను మూయకూడదు. నేను సాక్షిని.”

“సాక్షివా? దేనికి? కెమెరా నాది, నాన్న నావాడు, ఇల్లు నాది. ఇంకెవరిదవుతుందే ఆ ఫొటో? మీట నొక్కడానికేముంది, పిల్లయినా నొక్కుతుంది!”

“నొక్కుతుంది. ఆరోజు నొక్కింది మాత్రం నేను.”

ఆయన ఒక బూటు చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. “అంటే... అక్కడ ఏం రాశావు?”

ఆమె మడతపెడుతున్న బట్ట మడతపెట్టి, దొంతర మీద ఉంచింది.

“ఉన్నదే రాశానండీ. అప్పుడు మీరు నిద్రపోతున్నారని.”