ఓబులమ్మ కట్టిన మొగుడి వేషం

ఓబులమ్మ మొగుడి వేషం కట్టిన రోజే యేసుమణి ఎడమచేతి మణికట్టు విరిగింది.

యేసుమణిది దొనకొండ దగ్గర పల్లె. తల్లి సౌభాగ్యమ్మ కూలికి పోయి చదివిస్తే ఎం.ఏ. చేసి, ఆ తర్వాత బెంగుళూరులో నాటక చికిత్స చదివింది. నోరు తెరిచి చెప్పుకోలేని బాధను వేషం కట్టించి బయటికి తెప్పించే వైద్యం అది. చదువు అయిపోయినా డ్రామా థెరపిస్టుగా గుర్తింపు రావాలంటే, అనుభవమున్న గురువు పర్యవేక్షణలో ఇన్ని గంటలు పనిచేశానని చూపించాలి. అందుకోసమే మార్కాపురంలో, మొగుళ్ల దెబ్బలకు ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్లుండే ఒక ఆశ్రమంలో చేరింది. ఇంకొక్క నెల పనిచేస్తే గంటలు పూర్తయ్యేవి.

ఓబులమ్మ ఆ ఆశ్రమానికి వచ్చి రెండు నెలలైంది. మొగుడు కొండయ్య పలకల గనిలో పనివాడు. అన్నం చల్లారిందని ఒకసారి పలకరాయితో మూతి మీద కొడితే ముందుపళ్లు నాలుగు రాలిపోయాయి. ఇంకోసారి ఆమె చెయ్యి గడప మీద పెట్టించి తలుపు మూశాడు. ఆ చేతి వేళ్లు రెండు ఇప్పటికీ ముడుచుకోవు. ఇవన్నీ పోలీసు కాగితాల్లో ఉన్నవే. ఆమె నోటి నుంచి మాత్రం యేసుమణి ఒక్క ముక్క కూడా వినలేదు.

ఆ రోజు యేసుమణి ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎవరెవరు ఏ వేషం వేస్తారని అడిగితే ఓబులమ్మ లేచి నిలబడింది.

“నేను ఆయన్నవుతా,” అంది.

ఆమె నోరు విప్పిందన్న సంతోషంలో యేసుమణి ముందూవెనకా ఆలోచించలేదు. ఓబులమ్మగా నటించడానికి ఆశ్రమంలోనే ఉండే విజయమ్మ ఒప్పుకుంది. కర్ర బదులు చుట్టిన పేపరు ఇచ్చారు. ఓబులమ్మ రెండుసార్లు పేపరుతో కొట్టింది. ఇద్దరూ నవ్వారు కూడా. మూడోసారి విజయమ్మ, వేషానికి తగ్గట్టే, చేతులు అడ్డం పెట్టుకుని “కొట్టబాకయ్యా” అని వంగింది.

ఆ మాటతో ఓబులమ్మ ముఖం మారిపోయింది. పేపరు పారేసి పక్కనున్న చెక్క స్టూలు ఎత్తింది. మొదటి దెబ్బకే విజయమ్మ నుదురు చిట్లింది. కిందపడిన మనిషి జుట్టు పట్టుకుని, కొండయ్య తిట్టే తిట్లే తిడుతూ, తలను బండల నేలకేసి కొట్టింది. మిగతా ఆడవాళ్లు గోడకు అతుక్కుపోయారు. ఓబులమ్మ మళ్లీ స్టూలు ఎత్తేసరికి యేసుమణి మధ్యలోకి దూరి చెయ్యి అడ్డం పెట్టింది. స్టూలు ఆ చేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినబడింది.

ఓబులమ్మ ఆగింది. తన చేతులకంటిన రక్తం వంక చూసుకుని, స్టూలు మెల్లగా కింద పెట్టింది.

విజయమ్మకు పదకొండు కుట్లు పడ్డాయి. ఆశ్రమం నడిపే అనంతలక్ష్మి ఆసుపత్రికి వచ్చి, ఓబులమ్మకు ఉన్నట్టుండి మతి చలించిందని రాసిస్తే చాలని యేసుమణికి చెప్పింది. అట్లా రాస్తే గంటలకు ఢోకా ఉండదు. ఓబులమ్మను మాత్రం పంపించేయాలి. ఆమె పోవడానికి కొండయ్య ఇల్లు తప్ప మరోటి లేదు.

యేసుమణి మరునాడు నివేదిక రాసింది. ఆపమంటే ఆగాలన్న కట్టుబాటు ముందే పెట్టకపోవడం, బరువైన వస్తువు గదిలో ఉంచడం, తొందరపడి కొట్టేవాడి వేషం ఇవ్వడం తన తప్పులేనని రాసి గురువుకు పంపింది. ఆశ్రమంలో చేసిన గంటలన్నీ రద్దయ్యాయి. మళ్లీ మొదటి నుంచి చేయమన్నారు. ఆ నివేదిక చూశాక అనంతలక్ష్మి ఓబులమ్మను ఉండనిచ్చింది. యేసుమణిని ఇక రావద్దంది.

సామాన్లు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఓబులమ్మ వరండాలో ఎదురైంది. యేసుమణి చేతికున్న కట్టు వంక చూసింది.

“పాపా, ఆయన నాలోకి వచ్చినాడా ఏంది?”

యేసుమణి సామాన్ల సంచి కింద పెట్టింది.

“నాకు తెలీదక్కా. రక్తం చూసి నువ్వు ఆగినావు. ఆయన ఎన్నడన్నా ఆగినాడా?”

ఓబులమ్మ ఆలోచించింది. “లేదు,” అంది. ఆ తర్వాత గోడకానుకుని కూర్చుని, తలుపు సందులో వేళ్లు నలిగిన రోజు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. యేసుమణి నిలబడే వింది.

గుర్తింపు రావడానికి యేసుమణికి మరో ఏడాదిన్నర పట్టింది. అప్పటికి ఓబులమ్మ కోర్టులో సాక్ష్యం చెప్పడం, కొండయ్య జైలుకు పోవడం అయిపోయాయి. విజయమ్మ ఆశ్రమం విడిచి పామూరులో మిషను కుట్టుకుంటోంది. పత్రం అందిన వారం యేసుమణి పామూరు వెళ్లి ఆమెను క్షమించమని అడిగింది. విజయమ్మ మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది. క్షమించానని మాత్రం అనలేదు.